బంగారుచేపల తొట్టి: తిరిగి తిరిగి వచ్చు తెగులు

బంగారుచేపలను గాజుతొట్టిలో నుంచి పెంచుట యిప్పుడు మన పట్టణములందేగాక పల్లెలయందును సాధారణమైనది. ప్రతి సంవత్సరమును విజ్ఞానశాస్త్రపు తరగతి ముగిసిన పిమ్మట ఇద్దరు ముగ్గురు విద్యార్థులు వచ్చి, "అయ్యా, మా చేప యొంటిమీద తెల్లని పొక్కులు లేచినవి, ఏ మందు వేయవలెను?" అని యడుగుట కలదు. మందు పేరు చెప్పినచో వారు సంతోషించి పోవుదురు. కొన్ని దినములకు పొక్కులు మానును. రెండు మాసములు గడవకమునుపే ఆ విద్యార్థియే మరల వచ్చి, చేప రెక్కలు చివుకుచున్నవని చెప్పును. మూడవసారి వచ్చునప్పటికి చేపయే యుండదు.

తిరిగి తిరిగి వచ్చు తెగులునకు మందు అడుగుటకు ముందు, అది తిరిగి యేల వచ్చుచున్నదని యడుగవలెను. ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన దొక్కటే. తొట్టిలోని చేపకు వచ్చు రోగములలో ననేకములకు మూలము చేపయందు లేదు, నీటియందున్నది. చేపకు మందిచ్చి నీటి సంగతి విడిచిపెట్టువాడు, ఇంటికప్పు కారుచుండగా నేలమాత్రము తుడుచుచుండువానివంటివాడు.

1. చేప యాయువు

బంగారుచేప మన చెరువులలోని బొచ్చె, శీలావతి మొదలగు చేపల కుటుంబమునకు చెందినదే. చీనాదేశీయులు వేయి సంవత్సరములకు పూర్వమే, మాసిన వన్నెగల యొక చిన్న చేపజాతిలో అప్పుడప్పుడు పుట్టుచుండిన పసుపు, ఎఱుపు వన్నెల పిల్లలను ఏరి వేరుగా పెంచి దీనిని సాధించిరి. 1758లో స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రనామ మిచ్చెను.

చక్కగా పెంచిన బంగారుచేప 10 మొదలు 15 సంవత్సరములవఱకు జీవింపగలదు. ఇంగ్లండులో 1956లో నొక సంతలో బహుమానముగా లభించిన టిష్ అను బంగారుచేప 43 సంవత్సరములు బ్రదికి 1999లో మరణించెను. కావున మూడు మాసములకే చచ్చిన చేపను చూచి "దాని యాయువు అంతే" యని యూరకుండుట న్యాయము కాదు. అది తన యాయువు తీరి చావలేదు. మన యింటికి వచ్చి చచ్చినది.

2. తరచుగా జరుగు కథ

అనేక గృహములలో జరుగు సంగతి యిట్లుండును. పిల్లలు కోరగా తండ్రి అంగడినుండి యొక గుండ్రని గాజుకూజాను, రెండు చేపలను కొనితెచ్చును. మొదటి వారము చేపలు హుషారుగా తిరుగును. పిల్లలు గడియకొకసారి మేత వేయుదురు. రెండవ వారమున నీరు మసకబారి వాసన కొట్టును. చేపలు అడుగున ముడుచుకొనియుండును. అంతట పెద్దవారు చేపలను గిన్నెలోనికి తీసి, నీరంతయు పాఱబోసి, కూజాను, అడుగునున్న గులకరాళ్లను సబ్బుతో తోమి, కుళాయినీరు నిండుగా పట్టుదురు. చేపలు ఒకటి రెండు దినములు తేఱుకొన్నట్లు కనబడును. పిమ్మట మరల నీరసించును. మందు వేయుదురు, మరల తోముదురు, మరల మందు వేయుదురు.

ఇంత శుభ్రత చేసినను తెగులు విడువదేమని యింటివారు వాపోవుదురు. అంగడివాడు రోగిష్టి చేపనంటగట్టెనని యొకరు, దిష్టి తగిలెనని మఱియొకరు అందురు. తాము చేసిన యా శుభ్రతయే తెగులునకు తలుపు తీసినదని యెవరికిని తోచదు. ఇది వింతమాటగా తోచవచ్చును గాన, నీటిలో నేమి జరుగుచున్నదో విచారింతము.

3. నీటిలోని కానరాని సేవకులు

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమైన పిదప దాని శరీరమునందు అమ్మోనియా యను విషపదార్థము పుట్టును. మనుష్యుని దేహము దానిని యూరియాగా మార్చి మూత్రమున విసర్జించును. చేప దానిలో నధికభాగమును మొప్పలగుండ నేరుగా నీటిలోనికి విడుచును. తినక మిగిలిన మేతయు, మలమును కుళ్లినప్పుడు పుట్టునదియు అమ్మోనియాయే. నదిలోనైనచో నది కొట్టుకొనిపోవును. తొట్టిలో నది యెక్కడికి పోవును? చేప తాను విడిచిన విషమునందే తాను ఊపిరి పీల్చవలసివచ్చును. అమ్మోనియా మొప్పలను కాల్చును. చేప యొంటిపైనున్న జిగురుపొరను చెఱచును. ఆ జిగురుపొరయే చేపకు కవచము. కవచము పోయిన చేపను ఏ క్రిమియైనను పట్టుకొనగలదు.

అయితే దేవుని సృష్టిలో నీ విషమును తిని బ్రదుకు సూక్ష్మజీవులును కలవు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటు అను పదార్థముగా మార్చును. నైట్రైటుకూడ విషమే, అది చేప రక్తమును గోధుమవన్నెకు త్రిప్పి, ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. మఱియొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు వలని హాని చాల తక్కువ. కొంత నీటిమొక్కలు పీల్చుకొనును, మిగిలినది మనము నీరు మార్చునప్పుడు పోవును. ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుచుండునవి తక్కువ. అవి ముఖ్యముగా వడపోతలోని స్పాంజిని, గులకరాళ్లను, గాజుగోడలను అంటుకొని యుండును. క్రొత్త తొట్టిలో నవి చాలినంతగా పెరుగుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. క్రొత్త తొట్టిలోని చేపలు మొదటి మాసములోనే చచ్చుటకు ముఖ్యకారణ మిదియే.

ఈ జ్ఞానము ఒక్కనాడు లభించినది కాదు. 1849లో లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు సుమారు 54 లీటర్ల నీరు పట్టు గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచి పరీక్షించెను. కొంతకాలమునకు మొక్క యాకులు కుళ్లి నీరు చెడసాగెను. ఆయన నీరు పాఱబోయక, కుళ్లిన యాకులను తిను నత్తలను అందులో విడిచెను. నీరు మరల తేటపడెను. ఈ సంగతిని ఆయన 1850లో ప్రకటించెను. సూక్ష్మజీవుల పని యాయనకు తెలియదు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోసింగు, మ్యుంట్సు అను శాస్త్రజ్ఞులు అమ్మోనియా నైట్రేటుగా మారుట జీవుల పనియే యని చూపిరి. ఆ వారింగ్టను కుమారుడే, తండ్రి పేరే గలవాడు, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్డు వ్యవసాయ పరిశోధనాలయమున నీ మార్పు రెండు మెట్లుగా జరుగునని స్థాపించెను. 1890లో రష్యా దేశస్థుడైన వినొగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుపఱచి చూపెను. తండ్రి చేపలతొట్టి కుమారుడు చదివిన పొలపు మట్టి యొకే సూత్రమునకు లోబడియున్నవి.

ఇక తోముట వలని కీడు స్పష్టమగుచున్నది. రాళ్లను, స్పాంజిని సబ్బుతో తోమినప్పుడు ఈ సేవకులందఱును నశింతురు. కుళాయినీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిను మిగిలినవారిని చంపి, చేప మొప్పలనుకూడ కాల్చును. తొట్టి తళతళలాడును గాని మరునాటినుండి అమ్మోనియాను తినువారు లేరు. తెగులు మరల వచ్చుటకిది మొదటి కారణము.

నీటి గుణము, వేడిమియు నీ విషమును హెచ్చించును. అమ్మోనియా నీటిలో రెండు రూపములుగా నుండును. వానిలో నొకటియే మిక్కిలి విషము. వేడిమి 25 సెంటీగ్రేడు డిగ్రీలున్నప్పుడు, నీటి పి.హెచ్. 7 అయినచో వేయి పాళ్లలో సుమారు 6 పాళ్లు విషరూపమున నుండును, పి.హెచ్. 8 అయినచో సుమారు 54 పాళ్లు. అనగా అదే యమ్మోనియా ఒక యింట చేపను బాధించును, మఱియొక యింట చంపును. ఇంతేగాక, 20 డిగ్రీలవద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టగా, 30 డిగ్రీలవద్ద ఏడున్నర మిల్లీగ్రాములే పట్టును. వేసవిలో చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. నీటిలో నున్నది తక్కువ. మన ప్రాంతపు ఎండలలో నిది మఱువరాని సంగతి.

4. తెగులు దాగియుండు చోటు

రెండవ కారణము తెల్లపొక్కుల రోగమును పరిశీలించినచో తెలియును. చేప యొంటిపై ఉప్పుపలుకులు చల్లినట్లు కనబడు నీ పొక్కులు ఒక మిల్లీమీటరుకు మించవు. ప్రతి పొక్కులోను చర్మపు పైపొర క్రింద నొక సూక్ష్మజంతువు దాగి చేపను తినుచుండును. అది పెరిగి, చర్మము చీల్చుకొని వెలికివచ్చి, తొట్టియడుగున నంటుకొని, చుట్టును గట్టి పొర యల్లుకొనును. ఆ పొరలోపల నది చీలి చీలి కొన్ని వందల పిల్లలగును. ఒక్కొక్కప్పుడు వేయివఱకు నగును. ఆ పిల్లలు నీటిలోనికి వచ్చి చేపను వెదకును. సుమారు రెండు దినములలో చేప దొరకనిచో చచ్చును.

మందు పనిచేయునది ఈ పిల్లలు నీటిలో నీదుచున్న కాలముననే. చర్మము క్రిందనున్న దానిని, పొరలో నున్న దానిని మందు చేరదు. పొక్కులు రాలిపోగానే "రోగము కుదిరినది" యని మందు మానిన గృహస్థుడు, శత్రువు కోటలోనికి పోయి సైన్యమును పెంచుకొనుచున్న సమయమున కాపలా తీసివేసినవాడగుచున్నాడు. 25 డిగ్రీల వేడిమిలో ఈ చక్రము వారములోపలనే తిరిగివచ్చును. 10 డిగ్రీల చలిలో మాసమునకు పైగా పట్టును. బ్రదికిన చేపకు కొంత రక్షణశక్తి కలుగును గాని, మొప్పలలో కొన్ని క్రిములు మిగిలియుండవచ్చును. చేప బలముగా నున్నంతకాలమవి యణగియుండును. నీరు చెడగానే మరల తలయెత్తును.

రెక్కలు చివుకు రోగము, పొట్ట యుబ్బి పొలుసులు నిక్కబొడుచుకొను రోగము మొదలగువానిని కలిగించు క్రిములలో పెక్కు సామాన్యముగా నీటిలో నెల్లప్పుడును ఉండునవియే. వానిని పూర్తిగా నిర్మూలించుట మన వశము కాదు. వానికి లోబడని బలముగల చేపను పెంచుట మన వశము.

మూడవ కారణము క్రొత్తచేప. చచ్చిన చేప స్థలమున వెంటనే మఱియొకటి తెచ్చి వదలుదురు. అంగడినీటితోపాటు అంగడి రోగమును తొట్టిలోనికి వచ్చును. క్రొత్తచేపను వేఱొక తొట్టిలో 3 మొదలు 4 వారములుంచి చూచి, పిమ్మటనే పాతవానితో కలుపవలెను. రెండు తొట్లకు ఒకే వలను వాడరాదు.

5. చేయవలసిన పనులు, వాని క్రమము

చేప జబ్బుపడినప్పుడు ఈ క్రమమును పాటింపవలెను.

మొదటిది, మందుసీసా తెఱువకముందు నీటిని పరీక్షించుట. రంగుచుక్కల పరీక్షసాధనములు చేపల యంగళ్లలో దొరకును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న యుండవలెను. నైట్రేటు లీటరుకు 40 మిల్లీగ్రాములకు లోబడియుండుట మంచిది. అంకెలను తేదీతో పుస్తకమున వ్రాసికొనవలెను. జ్ఞాపకము మోసపుచ్చును, పుస్తకము మోసపుచ్చదు.

రెండవది, మేత నొకటి రెండు దినములు ఆపుట. ఆరోగ్యముగల పెద్దచేప దీనివలన చెడదు. పిమ్మట రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రమే వేయవలెను. బంగారుచేపకు జీర్ణకోశము లేదు. మేత నేరుగా ప్రేగులోనికి పోవును. అందువలన నది యెప్పుడును ఆకలిగొన్నట్లే కనబడును. దాని చూపులకు కరిగి మేత వేయుట దయ కాదు.

మూడవది, నీటిలో నాలుగవవంతు మార్చుట. అమ్మోనియా కనబడుచున్నచో ప్రతిదినమును, బాగున్నచో వారమునకొకసారియు మార్చవలెను. క్రొత్తనీరు పాతనీటియంత వేడిమి గలదై యుండవలెను. కుళాయినీటిలోని క్లోరిను, గాలిబుడగలు పోనిచ్చుచు ఒక దినము నిలువయుంచినచో పోవును. నీటిసరఫరావారు క్లోరినుకు బదులు క్లోరమిను వాడు చోట్ల నిలువయుంచుట చాలదు. దానికై యంగడిలో దొరకు నీటిమందు కలుపవలెను.

నాలుగవది, స్పాంజిని కుళాయిక్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండుట. సబ్బు తగులరాదు. స్పాంజి మురికిగా కనబడుటయే దాని యారోగ్యము.

అయిదవది, ఉప్పు. ఏ మందును కలుపని రాళ్లయుప్పును లీటరుకు ఒక గ్రాము చొప్పున కరిగించి పోసినచో నైట్రైటు విషము తగ్గును. తెల్లపొక్కులకు రెండు మూడు దినములలో క్రమముగా లీటరుకు 2 మొదలు 3 గ్రాములవఱకు పెంచి, కడపటి పొక్కు మాసిన పిమ్మటకూడ ఒక వారమైన నుంచవలెను. నీటిమొక్కలు దీనిని సహింపవు గాన వానిని తీసి వేఱు నీటిలో నుంచవలెను. నీరు ఆవిరియైపోయినను ఉప్పు పోదు. కావున తగ్గిన నీటికి బదులు మంచినీరు పోయునప్పుడు ఉప్పు కలుపరాదు. పాతనీటిని తీసి క్రొత్తనీరు పోసినప్పుడు, తీసినంత నీటికి మాత్రమే కలుపవలెను.

ఆఱవది, స్థలము. కూజా చేపకు నివాసము కాదు. రెండు చిన్న బంగారుచేపలకు 100 లీటర్లకు తక్కువ కాని తొట్టియు, వడపోతయు, గాలిపంపును ఉండవలెను. డబ్బు చాలనిచో ముందు తొట్టి కొని, చేపలను తరువాత కొనుట యుత్తమము. పెద్దతొట్టి కొనలేని యింట చేపలను పెంచకుండుటయు నొక దయాకార్యమే.

6. మందులనుగూర్చి యొక హెచ్చరిక

కొందఱు మనుష్యులు మ్రింగు సూక్ష్మజీవనాశక మాత్రలను పొడిచేసి తొట్టిలో కలుపుచున్నారు. ఇది రెండు విధముల కీడు. ఆ మందు తొట్టిలోని మంచి సూక్ష్మజీవులకును హాని చేయవచ్చును. చాలీచాలని మోతాదు తగిలి బ్రదికిన క్రిములు ఆ మందునకు లొంగనివిగా మారును. పెనిసిలినును కనుగొనిన అలెగ్జాండరు ఫ్లెమింగు 1945లో నోబెలు బహుమాన మందుకొనిన సందర్భమున నీ యపాయమును గూర్చియే లోకమును హెచ్చరించెను. పశువైద్యుని సలహా లేక యిట్టి మందులు వాడరాదు. అంగడిలో నమ్ము ఆకుపచ్చ, నీలి రంగుల చేపమందులును విషపదార్థములే. వానిని చిన్నపిల్లలకు అందనిచోట నుంచవలెను. తొట్టిలో చేయిపెట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పొలుసులు నిక్కబొడుచుకొనిన చేప బ్రదుకుట అరుదు. చచ్చిన చేపను మట్టిలో పాతిపెట్టవలెను. విసిగిపోయి బ్రదికియున్న చేపలను చెరువులోనో కాలువలోనో వదలుట మిక్కిలి తప్పు. అవి తమ రోగములను అక్కడి చేపలకు అంటించును. చేపలసాగుతో బ్రదుకు కుటుంబములకు నష్టము కలిగించును.

7. చేపను మించిన పాఠము

వారింగ్టను చేపలను పరీక్షించిన ఆ లండను నగరముననే 1854లో కలరా ప్రబలి వందలకొలది జనులు చచ్చిరి. వైద్యుడైన జాను స్నో రోగులకు మందిచ్చుటతో నాగక, చచ్చినవారి యిండ్లను పటములో గుర్తించి, వారిలో పెక్కండ్రు బ్రాడ్ వీధిలోని యొక పంపునీరు త్రాగినవారని కనుగొనెను. ఆయన మాటపై ఆ పంపు చేతికఱ్ఱను తీసివేసిరి. అప్పటికే రోగము కొంత తగ్గుముఖము పట్టియుండెను గాని, రోగి మంచమునొద్దనే నిలిచినవానికి కానరాని కారణము నీటియొద్దకు పోయినవానికి కనబడెను.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి కలదు. పిల్లవాని చేప చచ్చినప్పుడు "పోనిమ్ము, ఇంకొకటి కొందము" అని యోదార్చుట సులభము. కాని దానివలన ప్రాణి చౌకయని వాడు నేర్చుకొనును. దానికి మాఱుగా వానిచేత నీటిని పరీక్షింపజేయుడు, అంకెలు వ్రాయించుడు, కారణము దొరకిన పిమ్మటనే క్రొత్తచేపను కొనియిండు. అయిదవ దినమున జలచరములను సృజించిన దేవుడు వానిపై మనుష్యునికిచ్చిన యధికారము కాపాడుటకేగాని యుపేక్షించుటకు కాదు. గాజుతొట్టిలోని చేప తన నీటిని తాను మార్చుకొనలేదు. చెడిన చోటునుండి మఱియొక చోటికి పోలేదు. దాని నదియు, దాని వర్షమును మనమే.

అభ్యాసము

1. ఒక తొట్టి పొడవు 75, వెడల్పు 40, నీటి యెత్తు 40 సెంటీమీటర్లు. అందలి నీరు 120 లీటర్లని లెక్కించి చూపుడు. లీటరుకు ఒక గ్రాము చొప్పున ఎంత యుప్పు కావలెను? నాలుగవవంతు నీరు మార్చిన పిమ్మట మరల ఎంత కలుపవలెను?

2. నైట్రేటు 80 మిల్లీగ్రాములున్న తొట్టిలో, నైట్రేటు లేని నీటితో వారమునకొకసారి నాలుగవవంతు మార్చితిరి. నడుమ క్రొత్త నైట్రేటు చేరలేదనుకొన్నచో, ఎన్ని మార్పులకు 40 మిల్లీగ్రాములకు లోబడును?

3. పొక్కులు మాసిన వెంటనే మందు ఏల మానరాదు? క్రిమి జీవితచక్రమును పటముగా గీచి చెప్పుడు.

4. మీ యింటి త్రాగునీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? దారిలో నది చెడుటకు వీలైన చోట్లెవ్వి? పెద్దలనడిగి వ్రాయుడు.